సముద్రం నుంచి కొయ్యూరు దాకా: మనం చూడవలసిన చోట్లు

శీతాకాలం వచ్చిందంటే మన ఘాట్ రోడ్ల మీద కార్లు బారులు తీరతాయి. విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి, ఒడిశా వైపు నుంచి జనం వస్తారు. వాళ్ళ ఫోన్లలో ఒక జాబితా ఉంటుంది. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, అరకు మ్యూజియం, చాపరాయి, వంజంగి మేఘాలు, లంబసింగి మంచు. మధ్యలో బొంగు చికెన్, ఒక కప్పు కాఫీ, థింసా ఆడేవాళ్ళతో ఒక ఫొటో. రెండు రోజుల్లో చూసి దిగిపోతారు.

నేను హాస్టల్లో చదువుకునే రోజుల్లో మాకూ విహారయాత్ర ఉండేది. అది కిందికి దిగే యాత్ర. సముద్రం, జంతు ప్రదర్శనశాల, బీచ్ ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి చూసి, తడిసిన బట్టలతో రాత్రికి హాస్టల్ చేరేవాళ్ళం. కొయ్యూరు చూద్దాం, చింతపల్లి పోలీస్ స్టేషన్ చూద్దాం అని ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు. అవి చూడదగ్గ చోట్లని మాకు తెలిస్తే కదా!

పైకి వచ్చేవాళ్ళు కొండలు చూసి పోతున్నారు. కిందికి దిగే మనం సముద్రం చూసి వస్తున్నాం. ఈ రెండింటి మధ్య దారి పొడవునా మన తాతముత్తాతల చరిత్ర ఉంది. భూమి పోయిన చోట్లు, భూమిని నిలబెట్టుకున్న చోట్లు, ప్రాణాలు పోయిన చోట్లు ఉన్నాయి. ఆ దారిలో మనమే ఒకసారి ప్రయాణం చేద్దాం. చదువుకుంటున్న మన యువతకు, వాళ్ళకు చదువు చెబుతున్న ఉపాధ్యాయులకు ఈ దారి తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

దూరదేశపు కొండల్లో

ముందు ఒక దూరదేశం సంగతి చెప్పుకుందాం. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే చిన్న దేశం ఉంది. అక్కడి జనాభాలో ప్రతి పది మందిలో నలుగురికి పైగా మాయా జాతుల ఆదివాసులే. ఆ దేశం చూడడానికి ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు వెళతారు. అడవి మధ్య ఉన్న టికాల్ అనే ప్రాచీన నగరం, అగ్నిపర్వతాల నడుమ ఉన్న అతిత్లాన్ సరస్సు, చిచికాస్తెనాంగో అనే ఊరి సంత వాళ్ళ జాబితాలో ఉంటాయి. గురు, ఆదివారాల్లో జరిగే ఆ సంతకు కొండల మీది ఊళ్ళ నుంచి జనం మూటలు మోసుకుని దిగుతారు. మన సంతలు చూసిన వాళ్ళకు అది కొత్తగా అనిపించదు.

టికాల్ లాంటి నగరాలు కట్టిన మాయా ప్రజలు ఎప్పుడో మాయమైపోయారని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. నిజానికి ఆ కట్టిన వాళ్ళ వారసులే పక్క ఊళ్ళలో మొక్కజొన్న పండించుకుంటూ, అదే భాషల కుటుంబానికి చెందిన మాటలు మాట్లాడుకుంటూ ఉన్నారు. యాత్రికులు రాళ్ళను చూశారు. మనుషులను చూడలేదు.

ఆ దేశపు కాఫీ కథ కూడా మనం తెలుసుకోవాలి. 1870ల్లో అక్కడి ప్రభుత్వం కాఫీ తోటల కోసం ఆదివాసుల ఉమ్మడి భూములను తోటల యజమానుల చేతుల్లోకి పోనిచ్చింది. 1877లో చట్టం చేసి, అదే ఆదివాసులను ఆ తోటల్లో పనికి కట్టేసింది. భూమి పోగొట్టుకున్నవాడే ఆ భూమిలో కూలీ అయ్యాడు. మన కొండల మీదా కాఫీ ఉంది, యాత్రికులూ ఉన్నారు. మన కథ ఎక్కడ వాళ్ళ కథతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో దారిలో చూద్దాం.

మొదటి మజిలీ విశాఖపట్నమే

మన యాత్ర కొండ మీద మొదలు కాదు, కింద నగరంలో మొదలవుతుంది. మనం ఉండే చోటును 'ఏజెన్సీ' అని ఎందుకంటారో చాలామందికి తెలియదు. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కోసం 24వ చట్టం చేసింది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి, మామూలు చట్టాల నుంచి తప్పించి, జిల్లా కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ పనికి కలెక్టరుకు 'గవర్నరుకు ఏజెంటు' అని పేరు. ఏజెంటు ఏలే ప్రాంతం కాబట్టి ఏజెన్సీ అయింది. అంటే మన కొండల పేరు మనం పెట్టుకున్నది కాదు. సముద్రం ఒడ్డున ఉన్న కచేరీ నుంచి వచ్చిన పేరు. మన పెద్దలు 'మన్యం' అనేవాళ్ళు.

అక్కడి నుంచి పోర్టు వైపు వెళదాం. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఇక్కడి కొత్త రేవులోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. రేవు కట్టించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడం దాని ముఖ్యమైన లక్ష్యం. లోపలి అడవుల్లో తవ్వినదాన్ని సముద్రం దాటించడానికే ఈ రేవు పుట్టిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత ఉక్కు కర్మాగారం. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ తెలుగునాడంతా ఉద్యమించింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దాని కోసం 64 గ్రామాల వాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదులుకున్నారు. వాళ్ళు రైతులు, మత్స్యకారులు, కూలీలు. ఉద్యోగం ఇస్తామని వాళ్ళకు ఇచ్చిన 'ఆర్ కార్డు' పట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు ఉన్నాయి. నిర్వాసితులంటే మన ఆదివాసులే అనుకుంటాం. కిందా ఉన్నారని ఇక్కడ తెలుస్తుంది.

ఈ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. ఖనిజం బైలదిల్లా కొండల నుంచి వస్తుంది. బైలదిల్లా బస్తరు ఆదివాసుల నేల. ఆ ఖనిజం వచ్చే దారి మన అరకు మీదుగానే ఉంది.

ఎర్రదుమ్ము దిగే దారి

కొత్తవలస – కిరండూల్ రైలు మార్గాన్ని చాలామంది అరకు రైలు అంటారు. 58 సొరంగాలతో, లెక్కలేనన్ని వంతెనలతో కొండ ఎక్కుతుంది. శిమిలిగూడ స్టేషన్ ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషన్. 2017 నుంచి ఈ రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు. కుర్చీలో కూర్చుని కొండలను చూస్తూ పోవచ్చు.

ఈ పట్టాలు వేసింది మాత్రం కొండలు చూపించడానికి కాదు. 1960లో జపాను ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపాలి. అందుకోసం 1960ల్లో ఈ మార్గం నిర్మించారు. 1976లో విశాఖ బయటి హార్బరు వచ్చింది. పెద్ద పెద్ద ఖనిజం ఓడలు నిలవడానికి కట్టినదది. బొర్రా దగ్గర పట్టాల పక్కన కాసేపు నిలబడితే చాలు. పైకి యాత్రికుల రైలు వెళుతుంది. కిందికి ఎర్రదుమ్ముతో ఖనిజం వ్యాగన్లు దిగుతాయి. పోర్టు, రైలు, ఉక్కు మూడూ ఎలా ముడిపడి ఉన్నాయో పాఠంలో చదివిన దానికంటే అక్కడ బాగా అర్థమవుతుంది. పిల్లలను తీసుకెళ్ళే టీచర్లు వ్యాగన్లు లెక్కపెట్టించండి.

బొర్రా: గుహ పైన ఉన్న భూమి

బొర్రా గుహలను ఫలానా తెల్లదొర కనుక్కున్నాడని యాత్రికులకు చెబుతారు. మన వాళ్ళు చెప్పే కథ వేరు. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి రంధ్రంలో పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి లోపల లింగం లాంటి రాయి కనిపించింది. ఊరివాళ్ళు అక్కడ పూజ మొదలుపెట్టారు. ఆవును వెతికినవాడి పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

ఇది సున్నపురాయి గుహ. కొండలోకి ఇంకిన నీరు వేల వేల ఏళ్ళుగా రాతిని కరిగిస్తూ, చుక్క చుక్కగా కొత్త ఆకారాలు పోస్తూ ఇంత పని చేసింది. గోస్తనీ నది ఇక్కడి నుంచే పారుతుంది. అయితే గుహ లోపలి రాతికన్నా గుహ పైన, చుట్టుపక్కల ఉన్న భూమిది పెద్ద కథ.

అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చారు. అక్కడి గ్రామాల ఆదివాసుల పక్షాన 'సమత' సంస్థ కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆదివాసుల వైపు నిలిచారు.

ఆ తీర్పులోని ఒక్క మాట మన ప్రతి పిల్లవాడికీ తెలియాలి. 1970 నాటి 1వ రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతర 'వ్యక్తి'కి బదిలీ కాకూడదు. మరి ప్రభుత్వం తన భూమిని కంపెనీకి ఇస్తే? ప్రభుత్వమూ ఆ చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తే' అని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థలు గానీ, గిరిజన సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు.

దేశమంతటా ఆదివాసీ ప్రాంతాల్లో భూమి గురించి మాట్లాడే వాళ్ళు ఈ తీర్పు పేరు తలుస్తారు. అది పుట్టిన ఊరు బొర్రా. ఏటా లక్షల మంది టికెట్ కొనుక్కుని ఆ భూమి కిందికి దిగి ఎక్కుతారు. పైన జరిగిన పోరాటం సంగతి వాళ్ళకు చెప్పే వాళ్ళుండరు. చెప్పవలసింది మనమే.

గాలికొండ, కాఫీ

బొర్రా నుంచి అరకు వెళ్ళే దారిలో గాలికొండ వస్తుంది. లోయ చూడడానికి అందరూ అక్కడ ఆగుతారు. ఆ కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. అల్యూమినియం చేసే మట్టి అది. వాన నీటిని తాగి, ఎండాకాలం కూడా ఊటలుగా కొద్దికొద్దిగా వదిలేది కూడా ఆ పొరే. మన గెడ్డలు ఆ నీటితోనే పారతాయి.

2015 నవంబరులో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ కోసం ప్రభుత్వ గనుల సంస్థకు అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. ప్రైవేటుకు వీల్లేదన్న తీర్పు ఉంది కాబట్టి ప్రభుత్వ సంస్థ పేరుతో వచ్చింది. మన్యమంతా కదిలింది. 2019లో ఆ జీవో రద్దయింది. ఈసారి గాలికొండ దగ్గర ఆగినప్పుడు లోయతో పాటు మన కాళ్ళ కింది మట్టిని కూడా చూద్దాం.

కాఫీ సంగతికి వద్దాం. తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో 1898లో తెల్లవాళ్ళు కాఫీ నాటారు. ఆ పంట మెల్లగా మన కొండలకూ వచ్చింది. అటవీ శాఖ వేసింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత ఐటీడీఏ మన రైతుల చేత వేయించాయి. పోడు కొట్టిన వాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియం తీగ ఇప్పుడు ఇంటింటి సేద్యం అయ్యాయి. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గ్వాటెమాలా కథ, మన కథ ఇక్కడే విడిపోతాయి. అక్కడ కాఫీ వచ్చి ఆదివాసి భూమి పోయింది. ఇక్కడ కాఫీ పండించేవాడు ఎకరమో రెండెకరాలో తన చేతిలో ఉన్న చిన్న రైతు. ఈ తేడా దానంతట అది రాలేదు. 1970 రెగ్యులేషన్ ఉంది. అటవీ హక్కుల చట్టం ఉంది. వాటి కోసం తిరిగిన కాళ్ళు ఉన్నాయి. ఆ రక్షణలు సడలిన రోజున మన తోటలో మనమే కూలీలమవుతాం. కాఫీ కప్పు మీద అరకు పేరు చూసి గర్వపడే యువకుడు, తన తండ్రి పట్టా ఎక్కడుందో కూడా ఒకసారి చూసుకోవాలి.

మత్స్యగుండం

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. ఏటి మడుగులో పెద్ద పెద్ద చేపలు తిరుగుతుంటాయి. ఎవరూ పట్టరు, తినరు. మరమరాలు, అటుకులు వేస్తారు.

ఈ నమ్మకం వెనుక కూడా చరిత్ర ఉంది. ఒకప్పుడు వడ్డాదిని ఏలిన మత్స్య వంశపు రాజులు తమ మూలపురుషుడు ఏటిలోని చేప కడుపున పుట్టాడని చెప్పుకున్నారు. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో ఆ కథ ఉంది. రాజులు పోయారు. వాళ్ళ కోటలు పోయాయి. చేపను పట్టకూడదన్న కట్టుబాటును మాత్రం ఊరివాళ్ళు కాపాడుతున్నారు. మన ఊళ్ళ కట్టుబాట్లలో ఎంత పాత సంగతి దాగి ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

లంబసింగి రోడ్డు ఎవరు వేశారు?

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి, అక్కడి నుంచి లంబసింగి. డిసెంబరులో తెల్లవారుజామున అక్కడ నిలబడడానికి చోటు ఉండదు. మంచు చూసి మురిసిపోతారు. నర్సీపట్నం నుంచి ఆ మంచులోకి ఎక్కే రోడ్డు మొదట ఎలా పడిందో తెలుసుకుందాం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారుదైంది. పోడు నేరమైంది. పశువులు మేపితే, కట్టె కొడితే జరిమానా. ఊళ్ళ మీద పెత్తనం ఉన్న ముఠాదారుల హక్కులూ తగ్గిపోయాయి. అటువంటి సమయంలో గూడెం డిప్యూటీ తహశీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ కొండల్లో రోడ్డు పనులు పెట్టించాడు. ఊళ్ళవాళ్ళను బలవంతంగా పనికి తోలుకొచ్చారు. సరైన కూలి ఇవ్వలేదు. ఎదురు తిరిగిన వాళ్ళను కొట్టారు. 1922 తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఈ రోడ్డు వెట్టి ఒకటి.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం వీరులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. మూడింట్లోనూ కలిపి 26 తుపాకులు తీసుకున్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ దాడిలో దారి చూపినవాళ్ళు, గుట్ట మీద కాపు కాసినవాళ్ళు, అన్నం మూటలు మోసిన ఆడవాళ్ళు ఎవరో ఊళ్ళలో పెద్దలను అడిగితేనే తెలుస్తుంది.

కృష్ణదేవిపేట, కొయ్యూరు, గాం సోదరులు

యాత్రలో చివరి మజిలీ ఇది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాలను దింపారు. మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన పేరుతో 2022 ఏప్రిల్ 4న మన జిల్లా ఏర్పడింది. ఆయన త్యాగానికి మనం ఎప్పుడూ రుణపడి ఉంటాం.

అయితే ఆయన ఒక్కరే యుద్ధం చెయ్యలేదు. కొయ్యూరు మండలంలోనే బట్టిపనుకుల ఉంది. గాం గంటం దొర ఆ ముఠాకు ముఠాదారు. సర్కారు ఆయన పదవి తీసేసింది. ఆయన, తమ్ముడు మల్లు దొర తిరుగుబాటుకు వెన్నెముకగా నిలిచారు. కొండల దారులు, ఊళ్ళ మద్దతు, మనుషులు, తిండి అన్నీ ఇలాంటి వాళ్ళ వల్లే సమకూరాయి. సీతారామరాజు చనిపోయాక కూడా గంటం దొర పోరాటం ఆపలేదు. 1924 జూన్‌లో ఆయన్ను చంపేశారు. సినిమాల్లో, పాటల్లో ఈ నెల రోజుల కథ కనిపించదు.

మల్లు దొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డారు. ఏళ్ళ తరబడి జైల్లో గడిపారు. తర్వాత ఏమయ్యారో మీకు తెలుసా? 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికలు జరిగాయి. విశాఖపట్నం నియోజకవర్గం నుంచి ఇద్దరు పార్లమెంటుకు వెళ్ళారు. ఒకరు లంకా సుందరం. రెండవవారు గాం మల్లు దొర.

ఏ నగరంలోని ఏజెంటు మన కొండలను ఏలాడో, ఆ నగరం పేరున్న నియోజకవర్గానికే మన్యం తిరుగుబాటుదారు ప్రజాప్రతినిధి అయ్యారు. నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ సంగతి లేదు. ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తెలిసిన రోజు చాలాసేపు సిగ్గుపడ్డాను. బీచ్ చూడడానికి విశాఖ వెళ్ళిన ప్రతిసారీ పరాయి ఊరికి వచ్చినట్టు బెదురుగా నడిచేవాడిని. మల్లు దొర ఆ ఊరి ఎంపీ అని అప్పుడే తెలిసి ఉంటే కాస్త తలెత్తుకుని నడిచేవాడినేమో.

మనం చెయ్యగలిగిన పని

ఈ దారంతా మూడు రోజుల ప్రయాణం. మొదటి రోజు రైల్లో బొర్రా, అరకు. రెండో రోజు మత్స్యగుండం, పాడేరు, చింతపల్లి. మూడో రోజు లంబసింగి, నర్సీపట్నం, కృష్ణదేవిపేట, కొయ్యూరు. ఆశ్రమ పాఠశాలల్లో విహారయాత్ర వేసేటప్పుడు ఒక ఏడాది విశాఖ వెళితే మరో ఏడాది ఈ దారిలో వెళ్ళవచ్చు. ఖర్చు కూడా పెద్ద తేడా ఉండదు.

వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆగిన ప్రతి ఊళ్ళో ఒక పెద్దవారిని మూడు ప్రశ్నలు అడగమనండి. ఈ ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది? ఈ రోడ్డు ఎప్పుడు, ఎవరు వేశారు? ఫితూరీ రోజుల గురించి మీ తాత ఏం చెప్పేవాడు? జవాబు కువిలో వస్తే కువిలోనే, ఆదివాసీ ఒరియాలో వస్తే అందులోనే తెలుగు అక్షరాలతో రాసుకోమనండి. బడికి తిరిగి వచ్చాక అందరి పుస్తకాలూ కలిపి ఒకచోట పెట్టండి. ఆ తరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేసే పని కాదు.

యువకులకు ఒక మాట. మీలో కొందరు బొర్రా దగ్గర, అరకు దగ్గర గైడ్లుగా, డ్రైవర్లుగా పనిచేస్తున్నారు. హోంస్టేలు పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకు శివుడి జడ, పుట్టగొడుగు అని రాళ్ళు చూపించడంతో ఆపకండి. ఇంకో రెండు నిమిషాలు తీసుకుని 1997 తీర్పు చెప్పండి. లంబసింగి మంచులో టీ పోస్తూ ఆ రోడ్డు ఎవరి చేతులు వేశాయో చెప్పండి. వినేవాళ్ళు వింటారు.

ఇక టీచర్లకు. ఈసారి ఆగస్టు 15న క్విజ్ పెట్టినప్పుడు ఈ ప్రశ్న కూడా చేర్చండి: 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళిన మన్యం వీరుడు ఎవరు? మొదటి ఏడాది ఎవరూ చెయ్యి ఎత్తకపోవచ్చు. రెండో ఏడాది తరగతి మొత్తం ఎత్తాలి.